సంస్కృతికి కాపలా: కోత పెట్టడమా, ఖర్చు పెట్టించడమా?

1991లో ఒక కెనడా గాయకుడి పాట ప్రపంచమంతా మోగింది. బ్రిటన్‌లో వరసగా 16 వారాలు మొదటి స్థానం నుంచి కదల్లేదు. గాయకుడు బ్రయన్ ఆడమ్స్, పుట్టింది ఆంటారియో ప్రావిన్స్‌లోని కింగ్‌స్టన్‌లో. అయినా ఆ పాట ఉన్న ఆల్బమ్ కెనడా రేడియో లెక్కల్లో ‘కెనడా సంగీతం’ కిందికి రాలేదు. సొంత దేశపు నియంత్రణ సంస్థే దాన్ని బయటి సరుకుగా జమకట్టింది.

లెక్క ఇలా ఉండేది. బాణీ ఎవరిది, పాడింది ఎవరు, రికార్డింగ్ ఎక్కడ జరిగింది, సాహిత్యం ఎవరిది. ఈ నాలుగింటిలో కనీసం రెండు కెనడావి అయితేనే అది కెనడా పాట. నాలుగు ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలు కలిపి ఈ పద్ధతిని ‘మేపుల్’ అంటారు. ఆ దేశపు జెండా మీదున్న ఆకు పేరు కూడా అదే. ఆడమ్స్ ఆ పాటల్ని విదేశీ నిర్మాత మట్ లాంగ్‌తో కలిసి రాశాడు, బాణీలూ కలిసే కట్టారు. అవి పూర్తిగా కెనడావాడివి కాకపోవడంతో ఆ రెండు మార్కులూ పోయాయి. రికార్డింగ్ చాలావరకు బయట జరిగింది. ఇక మిగిలింది గొంతు ఒక్కటే. నాలుగుకి ఒక మార్కు వచ్చింది, ఫెయిల్. ఆడమ్స్ బహిరంగంగానే మండిపడ్డాడు. ఆ తర్వాత నిబంధన సడలించారు.

కెనడాలో ఇది ఇప్పటికీ జోకులాగే చెప్పుకుంటారు. కానీ ఒక దేశం తన సంస్కృతిని చట్టంతో కాపాడుకోవాలనుకుంటే ‘మనది’ అంటే ఏమిటో ముందుగా కాగితం మీద పెట్టాలి. అలా పెట్టగానే ఎవరో ఒకరు గీతకు అవతల పడతారు. రేడియో రోజుల్లో అది పాటకు ఒక మార్కా రెండు మార్కులా అనే తగువు. నెట్‌ఫ్లిక్స్, యూట్యూబ్, స్పాటిఫై వచ్చాక అదే తగువు కోర్టులకెక్కింది, వాణిజ్య ఒప్పందాల బల్ల మీదికి చేరింది. ఈ పనికి ప్రపంచంలో ప్రభుత్వాలు పట్టిన దారులు స్థూలంగా రెండు. వద్దనుకున్నది కోసేయడం ఒకటి. కావాలనుకున్నదాని మీద ఖర్చు పెట్టించడం రెండోది. ఒకే పేరుతో చలామణీ అవుతున్నా రెండింటికీ పొంతన లేదు. మొదటిది తేలిక, చేసినట్టు కనబడుతుంది కూడా. రెండోది తలనొప్పి వ్యవహారం. అయినా ఇన్నేళ్ల అనుభవంలో నాలుగు కాలాలు నిలిచే ఫలితమంటూ ఏదైనా ఉంటే అది రెండో దారిలోనే దొరికింది.

రెండో దారిలో అందరికంటే ఎక్కువ దూరం నడిచింది, ఎక్కువ దెబ్బలు తిన్నది కూడా కెనడాయే.

పక్కింటి ఏనుగు

ఆ ఏనుగు అమెరికా. కెనడా భయం ఊహించుకున్నది కాదు. జనాభాలో చాలామంది అమెరికా సరిహద్దుకు దగ్గర్లోనే ఉంటారు. ఫ్రెంచ్ మాట్లాడే క్యూబెక్ ప్రావిన్స్‌ను పక్కన పెడితే మాట్లాడే భాష కూడా ఒకటే. రేడియో వచ్చిన తొలి రోజుల్లోనే రాత్రి పూట సెట్టు తిప్పితే చికాగో, న్యూయార్క్ స్టేషన్లే వినిపించేవి. 1928లో ప్రభుత్వం ఒక రాయల్ కమిషన్ వేసింది. జాన్ ఎయిర్డ్ అధ్యక్షతన ఆ కమిషన్ మరుసటి ఏడాది నివేదిక ఇస్తూ, దేశానికి సొంత ప్రజా ప్రసార వ్యవస్థ కావాలని చెప్పింది. దానికోసం ఉద్యమం నడిపిన గ్రాహం స్ప్రై మాట అక్కడి చరిత్ర పుస్తకాలన్నిటా ఉంటుంది: ఇది స్టేటుకూ (అంటే ప్రభుత్వానికీ), యునైటెడ్ స్టేట్స్‌కూ మధ్య ఎంపిక అన్నాడాయన. 1936లో ఆ ప్రజా ప్రసార సంస్థ, సీబీసీ, పుట్టింది.

ప్రజా ప్రసారం ఒక్కటే సరిపోదని తర్వాత తేలింది. ప్రైవేటు స్టేషన్లు అమెరికా పాటల మీదే బతికేవి. 1968 ప్రసార చట్టంతో ఏర్పడిన నియంత్రణ సంస్థ సీఆర్‌టీసీ, 1971 జనవరి నుంచి రేడియోలో వేసే పాటల్లో 30 శాతం కెనడావి ఉండాలని కోటా పెట్టింది. తర్వాత పాపులర్ సంగీతానికి దాన్ని 35 శాతం చేసింది. ఫ్రెంచ్ స్టేషన్లకైతే పాడే పాటల్లో 65 శాతం ఫ్రెంచ్‌వే కావాలి. కోటా పెట్టినప్పటి అధ్యక్షుడు పియర్ జునో. కెనడాలో ఇప్పటికీ ఇచ్చే జునో సంగీత పురస్కారాల పేరు ఆయనదే. ఒక నియంత్రణాధికారి పేరు మీద పాటల అవార్డు ఉండటం మరే దేశంలోనైనా ఉందో లేదో!

కోటా పెట్టగానే స్టేషన్లు దొడ్డిదారి కనిపెట్టాయి. జనం నిద్రపోయే వేళల్లో కెనడా పాటలన్నీ వరసగా వేసేసి లెక్క సరిచేసుకునేవి. వాటికి ‘బీవర్ గంటలు’ అని ముద్దుపేరు. బీవర్ ఆ దేశపు జాతీయ జంతువు. మన సినిమా థియేటర్లలో ఒకప్పుడు ఫిలిమ్స్ డివిజన్ న్యూస్‌రీలు నడుస్తుంటే జనం బయట సిగరెట్ తాగినట్టే ఉంటుందీ సంగతి. చట్టం ‘వెయ్యి’ అనగలదు, ‘విను’ అనలేదు. రేడియోలో కనీసం ఏ పాట ఏ వేళకు వేస్తున్నారో చూసి మందలించే వీలుండేది. ఎందుకంటే గాలిలో తరంగాలకు కొరత. లైసెన్సు ఇచ్చేది ప్రభుత్వం. ఇచ్చినవాడికి షరతు పెట్టే హక్కు ఉంటుంది.

ఇంటర్నెట్‌కు ఆ కొరత లేదు, లైసెన్సు లేదు, ప్రైమ్ టైమ్ కూడా లేదు. 1999లోనే సీఆర్‌టీసీ ఇంటర్నెట్ ద్వారా వచ్చే ప్రసారాలను నియంత్రణ నుంచి మినహాయించింది. అప్పటికది తెలివైన నిర్ణయమే, పసిపిల్లకు సంకెళ్లెందుకన్నట్టు. 2010 సెప్టెంబరులో నెట్‌ఫ్లిక్స్ అమెరికా దాటి వేసిన మొదటి అడుగు కెనడాలోనే. ఆ తర్వాత పదేళ్లలో ఒక వింత పరిస్థితి వచ్చింది. దేశంలోని కేబుల్ కంపెనీలు, టీవీ చానళ్లు ఆదాయంలో కొంత భాగాన్ని స్థానిక నిర్మాణానికి కట్టాలి. అదే ప్రేక్షకుడి దగ్గర అంతే డబ్బు తీసుకునే విదేశీ కంపెనీ పైసా కట్టనక్కర్లేదు. ఒకే బజారులో ఇద్దరు దుకాణదారులు. ఒకడికే పన్ను.

సీ-11 చెప్పింది, చెప్పనిది

ఈ తేడాను సరిచేస్తామని 2020 నవంబరులో సీ-10 అనే బిల్లు వచ్చింది. ఎన్నికలు రావడంతో అది మురిగిపోయింది. 2022 ఫిబ్రవరిలో సీ-11గా మళ్లీ పెట్టారు. 2023 ఏప్రిల్ 27న ఆన్‌లైన్ స్ట్రీమింగ్ చట్టం అయింది.

దేశమంతా దాని గురించి వాదించుకుంది. ఆ వాదనలో ఎక్కువ భాగం నడిచింది నెట్‌ఫ్లిక్స్ గురించి కాదు, యూట్యూబ్‌లో సొంతంగా వీడియోలు చేసుకునేవాళ్ల గురించి. చట్టం పరిధిలోకి వాళ్లు వస్తారా రారా అన్నది బిల్లు భాషలో తేటగా లేదు. రారని ప్రభుత్వం చెబుతూ వచ్చింది. అదే మాట చట్టంలో గట్టిగా రాయమని సెనేట్ సవరణ పంపితే మాత్రం ఒప్పుకోలేదు. దాంతో అనుమానం ముదిరింది. చివరికి 2023 నవంబరులో సీఆర్‌టీసీకి ఇచ్చిన విధాన ఆదేశంలో సోషల్ మీడియా క్రియేటర్లను, వీడియో గేములను వదిలేయమని రాశారు.

యూట్యూబర్ల వాదనలో ఒక పాయింటు తీసిపారేయలేనిది. రేడియోలో కోటా కింద ఒక పాట వేస్తే, విననివాడు విననందువల్ల పాటకు నష్టమేమీ లేదు. అల్గారిదం అలా కాదు. ఇష్టం లేనివాడి ముందు ‘ఇది మన కెనడా వీడియో’ అని పెడితే వాడు నొక్కడు, నొక్కినా పది సెకన్లలో వెళ్లిపోతాడు. ఆ సంగతి మిషన్ గుర్తుపెట్టుకుంటుంది. ‘ఈ వీడియోకు పస లేదు’ అని తేల్చుకుని ప్రపంచంలో మిగతా చోట్ల కూడా చూపించడం తగ్గిస్తుంది. కెనడాలోని చాలామంది యూట్యూబర్లకు ప్రేక్షకులు దేశం బయటే ఎక్కువ. ఇంట్లో బలవంతంగా వడ్డించినందుకు బయట ఆకలి పోయినట్టు అవుతుంది. ఇంత కీలకమైన సంగతి రేడియో కోటా బుర్రతో ఆలోచిస్తే తట్టదు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. అల్గారిదం తటస్థంగా ఏమీ ఉండదు. ఏ సినిమా ముందు వరసలో కనబడాలో, ఏది పదహారు సార్లు కిందికి జరిపితే గానీ రాకూడదో ఒక కంపెనీ తన వ్యాపార లెక్కలతో నిర్ణయిస్తుంది. ప్రభుత్వం జోక్యం చేసుకుంటే స్వేచ్ఛ పోతుందనేవాళ్లు, ఈ జోక్యం ఇప్పటికే జరుగుతోందని మర్చిపోతారు. జోక్యం చేసేది ఎవరన్నదే తేడా.

కెనడా ఇక్కడ పట్టుదలకు పోకుండా డబ్బు దారి పట్టింది. 2024 జూన్‌లో సీఆర్‌టీసీ ఒక నిర్ణయం ప్రకటించింది. కెనడా ప్రసార సంస్థలకు చెందని ఆన్‌లైన్ కంపెనీలు, అక్కడ ఏడాదికి 2.5 కోట్ల కెనడా డాలర్లు దాటి సంపాదిస్తే, ఆ ఆదాయంలో 5 శాతం కట్టాలి. ఏడాదికి సుమారు 20 కోట్ల డాలర్లు వస్తాయని అంచనా. అవి స్థానిక వార్తలకు, ఫ్రెంచ్ నిర్మాణాలకు, ఆదివాసుల కార్యక్రమాలకు, ఇంకా అలాంటి నిధులకు వెళ్లాలి. ఫలానాది తీసేయండి, ఫలానాది చూపించండి అన్న మాట ఇందులో లేదు. మా ఇంట్లో సంపాదించినదాంట్లో కొంత మా ఇంట్లో ఖర్చు పెట్టండి అంటోంది, అంతే.

కంపెనీలు కోర్టుకెళ్లాయి. 2024 డిసెంబరులో ఫెడరల్ అప్పీల్ కోర్టు వాటి చెల్లింపులను తాత్కాలికంగా నిలిపేసింది. కంపెనీల వాదన: మేం ఇప్పటికే కెనడాలో పెద్ద ఎత్తున షూటింగులు చేస్తున్నాం, అది లెక్కలోకి తీసుకోరేం? ఇక్కడే పాత మార్కుల గొడవ మళ్లీ తలెత్తుతుంది. మార్గరెట్ అట్‌వుడ్ కెనడా రచయిత్రి. ఆమె ‘ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్’ నవల సీరీస్‌గా వచ్చింది. చిత్రీకరణ చాలావరకు టొరంటో చుట్టుపక్కలే. అయినా అది కెనడా కార్యక్రమం కాదు. నిర్మాత అమెరికా సంస్థ, హక్కులూ వాళ్లవే. దర్శకుడికి రెండు, రచయితకు రెండు, ముఖ్య నటులకు, ఎడిటర్‌కు, సంగీత దర్శకుడికి ఒక్కొక్కటి... ఇలా పది పాయింట్లలో కనీసం ఆరు రావాలన్నది అక్కడ ఏళ్లుగా నడిచిన పద్ధతి. నిర్మాత కెనడావాడై ఉండటం దానికి ముందు షరతు. 2025 నవంబరులో సీఆర్‌టీసీ ఈ లెక్కను సవరించి, పాయింట్లు దక్కే పనుల జాబితా పెంచింది.

చూడటానికి గుమాస్తా పనిలా ఉంటుంది. కథ ఏ ఊరిదో, మనుషులు ఎలా మాట్లాడతారో ఈ పాయింట్లకు పట్టదు. కెనడా వాసనే లేని పోలీసు సీరియల్ పదికి పది తెచ్చుకోవచ్చు. ఇది లోపమే, కానీ తెలిసి పెట్టుకున్న లోపం. కథలో ‘కెనడాతనం’ ఉందా లేదా అని ఒక ప్రభుత్వ కమిటీ కూర్చుని తేల్చడం మొదలుపెడితే అంతకంటే ప్రమాదం ఇంకోటి లేదు. పాస్‌పోర్టు చూసి మార్కులేసే గుమాస్తా వల్ల నవ్వులపాలవుతాం. కథ చదివి మార్కులేసే గుమాస్తా చేతిలో పడితే నవ్వడానికి కూడా భయపడాలి.

మధ్యలో ఒక దెబ్బ తగిలింది. స్ట్రీమింగ్ చట్టం వచ్చిన 2023లోనే, జూన్‌లో, కెనడా ఆన్‌లైన్ వార్తల చట్టం కూడా చేసింది, వార్తల లింకులతో లాభపడే వేదికలు పత్రికలకు డబ్బు కట్టాలని. గూగుల్ బేరమాడి ఏడాదికి 10 కోట్ల కెనడా డాలర్లకు ఒప్పుకుంది. మెటా ఒప్పుకోలేదు. ఆగస్టు నుంచి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో కెనడావాళ్లకు వార్తలే కనబడకుండా చేసింది. సరిగ్గా ఆ నెలలోనే అడవుల కార్చిచ్చు వల్ల ఉత్తరాన యెల్లోనైఫ్ పట్టణం మొత్తాన్ని ఖాళీ చేయించాల్సి వచ్చింది. మంటలు ఎక్కడిదాకా వచ్చాయో చెప్పే వార్త లింకును జనం పంచుకోలేకపోయారు. ఎక్కువ అడిగితే ఇలా అయినా కావచ్చని ప్రతి ప్రభుత్వానికీ తెలిసొచ్చింది.

ఇంకో దెబ్బ వాణిజ్యం వైపు నుంచి. అమెరికా, మెక్సికోలతో ఒప్పందంలో కెనడా సంస్కృతి రంగానికి మినహాయింపు రాయించుకుంది. ఆ పేరాలోనే ఒక కొక్కెం కూడా ఉంది: మినహాయింపు వాడుకుని అమెరికా కంపెనీలకు నష్టం చేస్తే, అంతే విలువకు అమెరికా ఎదురుదెబ్బ తీయొచ్చు. 2025 జూన్‌లో ట్రంప్ వాణిజ్య చర్చలు ఆపేస్తున్నానని ప్రకటిస్తే, పెద్ద ఆన్‌లైన్ కంపెనీల మీద వేసిన డిజిటల్ సేవల పన్నును కెనడా రెండు రోజుల్లో వెనక్కి తీసుకుంది. స్ట్రీమింగ్ చట్టం మీద కూడా వాషింగ్టన్ కన్ను ఉంది. 2005లో యునెస్కో సాంస్కృతిక వైవిధ్య ఒప్పందానికి 148 దేశాలు ఓటేస్తే, వద్దన్నవి రెండే, అమెరికా, ఇజ్రాయెల్. ఆ ఒప్పందాన్ని అందరికంటే ముందు ఆమోదించిన దేశం కెనడా. ఓట్ల లెక్కలో గెలిచినా బేరం దగ్గర బలం వేరే చోట ఉంది.

యూరప్ లెక్క, కొరియా చిక్కు

యూరప్ సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. యూరోపియన్ యూనియన్ 2018 ఆదేశం ప్రకారం స్ట్రీమింగ్ కేటలాగుల్లో కనీసం 30 శాతం యూరప్ రచనలు ఉండాలి, అవి కనబడేలా పెట్టాలి. కేటలాగు కోటాను చవకగా దొరికే పాత సరుకుతో నింపేయొచ్చు. డిజిటల్ బీవర్ గంటలన్నమాట. ఫ్రాన్స్ అది పసిగట్టి 2021లో ఇంకో మెలిక పెట్టింది: ఫ్రాన్స్‌లో వచ్చే ఆదాయంలో 20 నుంచి 25 శాతం దాకా యూరప్, ఫ్రెంచ్ నిర్మాణాల్లో పెట్టాలి. కెనడా అడిగిన 5 శాతం దీని ముందు చిన్నదే. స్విట్జర్లాండ్ 4 శాతం అడిగింది, 2022 మేలో ప్రజాభిప్రాయ సేకరణలో జనం ఒప్పుకున్నారు.

దక్షిణ కొరియా కథ అందరూ ఉదాహరణగా చెబుతారు, సగమే చెబుతారు. థియేటర్లలో ఏడాదికి 146 రోజులు కొరియా సినిమాలు ఆడాలన్న కోటాను అమెరికాతో వాణిజ్య ఒప్పందం కోసం 2006లో 73 రోజులకు తగ్గించారు. దర్శకులు, నటులు రోడ్డెక్కారు. పరిశ్రమ కూలలేదు, ఇంకా పెరిగింది. కాబట్టి కోటాలు అనవసరమని కొందరు తేల్చేస్తారు. అప్పటికే ఆ కోటా నీడలో నలభై ఏళ్లు ఎదిగిన పరిశ్రమ అది. ఆపై 2021లో ‘స్క్విడ్ గేమ్’ సీరీస్ ప్రపంచాన్ని ఊపేసింది. కొరియా భాష, కొరియా పిల్లలాటలు, కొరియా అప్పుల బాధలు. హక్కులు మాత్రం నెట్‌ఫ్లిక్స్‌వి. తెరమీద సంస్కృతి నిలబడింది, దాని పంట వేరే ఇంటి గాదెలోకి వెళ్లింది. కెనడా పాయింట్ల పద్ధతి నిర్మాత దగ్గర, హక్కుల దగ్గర అంత పట్టుబట్టడానికి కారణం ఇక్కడ అర్థమవుతుంది.

సిలోన్ రేడియో నేర్పిన పాఠం

భారతదేశానికి ఈ అనుభవం కొత్తది కాదు. 1952లో సమాచార ప్రసార మంత్రి అయిన బి.వి.కేస్కర్‌కు సినిమా పాటంటే చిన్నచూపు. సంప్రదాయ సంగీతం చెడిపోతోందని ఆకాశవాణి నుంచి హిందీ సినిమా పాటల్ని దాదాపు సాగనంపారు. జనం రేడియో కట్టేయలేదు, ముల్లు తిప్పారు. కొలంబో నుంచి షార్ట్‌వేవ్‌లో రేడియో సిలోన్ సినిమా పాటలు వేసేది. అదే ఏడాది డిసెంబరులో అమీన్ సయానీ ‘బినాకా గీత్‌మాలా’ మొదలై దేశాన్నంతా బుధవారం రాత్రులు రేడియో దగ్గర కూర్చోబెట్టింది. తెలుగు ఇళ్లలోనూ సిలోన్ స్టేషన్లో తెలుగు పాటల కోసం చెవులు రిక్కించిన తరం ఒకటుంది. ప్రకటనల డబ్బు కొలంబోకు పోయింది. 1957 అక్టోబరు 3న వివిధ భారతి పెట్టి ఆకాశవాణి దారికొచ్చింది.

ఈ కథ ఇక్కడితో ఆపేస్తే నిషేధం ఓడిపోయిందన్న మామూలు మాటే మిగులుతుంది. రెండో సగం అంతకంటే విలువైనది. సినిమా పాట తీసేశాక ఆ ఖాళీ నింపాలి కాబట్టి ఆకాశవాణి కేంద్రాల్లో లలిత సంగీతానికి ఊపొచ్చింది. కవులకు, బాణీలు కట్టేవాళ్లకు, వాద్యకారులకు జీతాలు, పారితోషికాలు దొరికాయి. విజయవాడ కేంద్రం పేరు చెబితే పాతవాళ్లకు ముందు గుర్తొచ్చేవి పొద్దున్నే ‘భక్తిరంజని’, ఆపైన ‘ఈ మాసపు పాట’. బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఆ కేంద్రంలో పనిచేసినవారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి రేడియోకు గేయాలు రాశారు. ఆ పాటలు ఇప్పటికీ బడి పిల్లల పోటీల్లో వినబడుతున్నాయి. కేస్కర్ నిషేధం దాదాపు అయిదేళ్లే నిలిచింది. ఆ పక్కనే పెట్టిన ఖర్చు డెబ్బై ఏళ్లుగా తెలుగువాళ్ల నోళ్లలో ఉంది.

ఇప్పటి మన నిబంధనలు ఈ అనుభవంలో మొదటి సగాన్నే అనుసరిస్తున్నాయి. 2020 నవంబరులో ఓటీటీలను సమాచార ప్రసార శాఖ కిందికి తెచ్చారు. 2021 ఫిబ్రవరి 25న ఐటీ నిబంధనలు వచ్చాయి. వయసు వారీ వర్గీకరణ, ఫిర్యాదులకు మూడంచెల ఏర్పాటు, ఒక నైతిక నియమావళి. దేశంలోని పలు జాతుల, మతాల సందర్భాన్ని దృష్టిలో ఉంచుకుని జాగ్రత్త వహించాలని ఆ నియమావళిలో ఉంది. అదే ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు దానిలోని కీలకమైన రెండు ఉపనిబంధనలపై స్టే ఇచ్చింది. 2024 మార్చిలో అశ్లీలత కారణంగా 18 ఓటీటీ యాప్‌లను, 2025 జూలైలో మరో 25ను నిలిపేశారు. 2023 నవంబరులో ప్రసార సేవల బిల్లు ముసాయిదాలో ప్రతి సంస్థా ఒక కంటెంట్ పరిశీలన కమిటీ పెట్టుకోవాలని, అది సరేనన్నవే ప్రసారం చేయాలని రాశారు.

వీటిలో కొన్నింటికి అవసరం లేదని చెప్పలేం. పిల్లల ఫోనులో ఏది పడితే అది రావడం ఏ తల్లిదండ్రులకైనా టెన్షనే. కానీ ఈ మొత్తంలో ‘ఇంత ఖర్చు పెట్టండి’ అన్న వాక్యం లేదు. ఏ భాషలో ఎన్ని కొత్త నిర్మాణాలు వస్తున్నాయి, చిన్న భాషల సినిమాలు కేటలాగులో ఎక్కడున్నాయి, తుళు, గోండి, కోయ లాంటి భాషలకు చోటుందా, హక్కులు ఎవరి దగ్గర ఉంటున్నాయి అని అడిగే సంస్థ లేదు. సంస్కృతి అన్న మాట మన చట్టాల్లో తీసేయడానికే ఎక్కువ పనికొస్తోంది. దాన్నే ఇంకా లాగితే ఎక్కడికి చేరతామో చైనా చూపించింది. 2021 సెప్టెంబరులో అక్కడి ప్రసార నియంత్రణ సంస్థ, ‘ఆడంగి’ లక్షణాల మగ నటుల్ని తెరమీద చూపించొద్దని ఆదేశించింది. అదీ సంస్కృతి పేరు మీదే.

అయితే తెలుగువాళ్ల పరిస్థితి కెనడా లాంటిదేనా? 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా చెప్పినవారు 8.11 కోట్లు. కెనడా మొత్తం జనాభాకు రెట్టింపు దగ్గర. తెలుగు సినిమా పక్కింటి ఏనుగును చూసి భయపడే స్థితిలో లేదు. ఇంకా చెప్పాలంటే, కొన్ని ఇళ్ల పక్కన ఆ ఏనుగు మనమే. కన్నడ సీమలో 1960ల నుంచి పరిశ్రమ పెద్దలు డబ్బింగ్‌ను అనధికారంగా నిషేధించడానికి ఒక కారణం, తెలుగు, తమిళ, హిందీ చిత్రాలు కన్నడలో మాట్లాడటం మొదలుపెడితే చిన్న మార్కెట్ కొట్టుకుపోతుందన్న భయం. 2015లో కాంపిటీషన్ కమిషన్ అది పోటీకి వ్యతిరేకమని తేల్చి జరిమానా వేసింది. ఆ తర్వాత ఏం జరిగింది? ‘కేజీఎఫ్’, ‘కాంతార’ తెలుగులో డబ్బయి ఇక్కడి థియేటర్లు నింపాయి. తుళునాడు భూతకోలం ఏమిటో తెలుగు ప్రేక్షకుడికి అప్పుడే తెలిసింది. దశాబ్దాల పాటు గోడ కట్టుకున్న పరిశ్రమే చివరికి గోడ దాటి వచ్చి గెలిచింది. ఆ గోడ లేకపోతే ఈలోగా పరిశ్రమ ఉండేదే కాదని వాదించేవాళ్లూ బెంగళూరులో ఉన్నారు. ఆ వాదన పూర్తిగా తప్పని నిరూపించడం కష్టం.

తెలుగు లోపల కూడా ‘మనది’ అన్న మాట ఒకరికొకరకం. దశాబ్దాల పాటు వెండితెర మీద తెలంగాణ యాస హాస్యానికో, విలన్‌కో తప్ప హీరో నోట దాదాపు పలకలేదు. దాన్ని మార్చినవాటిలో జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో కొందరు కుర్రాళ్లు నడిపిన ‘మై విలేజ్ షో’ యూట్యూబ్ చానల్ ఒకటి. పొలం పనులు, ఊరి తగవులు, వాళ్లు రోజూ మాట్లాడే మాట. అందులో నటించిన గంగవ్వ రెండు రాష్ట్రాల్లోనూ ఇంటింటి మనిషయింది. ఏ కోటా కిందా, ఏ సాంస్కృతిక శాఖ జాబితాలోనూ ఆ చానల్ పుట్టలేదు. ఎవరి అనుమతీ అడగనక్కర్లేని చోట పుట్టింది. 2024 జూలైలో ప్రసార బిల్లు రెండో ముసాయిదా కొందరికే చూపించారు. వర్తమాన వ్యవహారాల మీద మాట్లాడే వ్యక్తిగత యూట్యూబర్లు, ఇన్‌ఫ్లుయెన్సర్లు కూడా దాని పరిధిలోకి వస్తారని తెలియగానే అలజడి మొదలైంది. ఆగస్టులో ఆ కాపీలు వెనక్కి పంపమన్నారు. కెనడాలో ఏ క్రియేటర్ల గురించి మూడేళ్లు కొట్టుకుని చివరికి చట్టం నుంచి వదిలేశారో, ఇక్కడ మొదట చెయ్యి వేయబోయింది సరిగ్గా వాళ్ల మీదే. డబ్బున్న వేదికల మీద ఖర్చు భారం వేయడం, డబ్బులేని కుర్రాళ్లను వాళ్ల మానాన వదిలేయడం అన్న తేడా ఆ ముసాయిదా రాసినవాళ్లకు తట్టినట్టు లేదు.

క్యూబెక్ మాత్రం తన పట్టు తాను వదల్లేదు. ఫ్రెంచ్ సంగీతం, ఫ్రెంచ్ వీడియోలు వేదికల మీద సులువుగా కంటపడాలంటూ 2025 మేలో అక్కడి ప్రభుత్వం సొంత బిల్లు పెట్టింది. కనబడేలా చేయడం అన్న పాత చిక్కుముడి మళ్లీ మొదటికొచ్చింది.

కెనడా కోటాల చరిత్రలో అన్నిటికంటే చిత్రమైన ఘట్టం 1980 నాటిది. ‘ఎస్‌సీటీవీ’ అనే హాస్య కార్యక్రమం సీబీసీలో వచ్చేది. అక్కడ ప్రకటనలు తక్కువ కాబట్టి అమెరికాలో కంటే రెండు నిమిషాలు ఎక్కువ నిడివి కావాలి. ఆ రెండు నిమిషాల్లో స్పష్టంగా కెనడాది అనిపించేది ఏదైనా పెట్టమని అడిగారు. నటులు రిక్ మొరానిస్, డేవ్ థామస్‌లకు ఒళ్లు మండింది. ఇప్పటిదాకా చేసిందంతా కెనడాలో, కెనడావాళ్లే చేస్తుంటే ఇంకా కెనడాతనం ఏం కావాలి? ఉన్ని టోపీలు పెట్టుకుని, వెనక దేశపటం వేలాడదీసి, బీరు తాగుతూ, కెనడావాళ్ల పద్ధతిలో ప్రతి మాట చివరా ‘ఏ’ అంటూ పసలేని కబుర్లు చెప్పారు. నిబంధనను వెక్కిరించడానికే చేసిన ఆ ఇద్దరు అన్నదమ్ములు, బాబ్, డగ్ మెకెంజీ, మొత్తం కార్యక్రమంలోకెల్లా జనానికి నచ్చేశారు. రికార్డు వచ్చింది, సినిమా వచ్చింది. ఆ రోజుల్లో కార్యక్రమం చిత్రీకరించిన ఎడ్మంటన్ నగరంలో 2020 మార్చిలో ఆ ఇద్దరికీ కంచు విగ్రహం పెట్టారు. బెంచీ మీద పక్కపక్కన, అవే టోపీలతో కూర్చుని ఉంటారు.